గ్యాస్ మాత్రతో బయటపడ్డ పార్కిన్సన్స్: ఒక కేసు, దాని వెనకున్న పన్నెండేళ్లు

ఈ కేసు ఒక్క మనిషిది కాదు. మిర్చి, పత్తి పండే ప్రాంతాల నుంచి న్యూరాలజీ ఓపీకి వచ్చేవాళ్లలో పదేపదే కనిపించే వివరాలను ఒకే రోగి చరిత్రగా కూర్చి రాశాం. ఇందులోని మోతాదులు, పరీక్షల అంకెలు ఇలాంటి కేసుల్లో మామూలుగా కనిపించేవే.

రోగి వయసు 59. పల్నాడు ప్రాంతపు రైతు. ఎనిమిది నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. ఆరు నెలలుగా పనులన్నీ నెమ్మదించాయి. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది, అన్నం కలుపుకోవడం కష్టమైంది, నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం లేదు. పక్షవాతానికి మొదలేమోనని ఊళ్లో భయపెడితే మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించుకుని వచ్చారు. అందులో ఏమీ లేదు. కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తరిగిపోయే జబ్బు పార్కిన్సన్స్. అందులో ఎం.ఆర్.ఐ. సాధారణంగా మామూలుగానే వస్తుంది కాబట్టి ఆ రిపోర్టు చూసి ధైర్యపడాల్సిందీ లేదు, అనుమానం వదులుకోవాల్సిందీ లేదు.

మందుల సంచీ

ఇలాంటి రోగి వస్తే చెయ్యి పట్టుకుని చూడకముందే మందుల సంచీని బల్లమీద బోర్లించాలి. చీటీ చూస్తే చాలదు, సంచీయే చూడాలి. షాపులో అడిగి కొనుక్కున్నవి చీటీలో ఉండవు. ఈ సంచీలో షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఉన్నాయి. వాటితోపాటు మరో రెండు బయటపడ్డాయి. ఒకటి రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. కలిసిన గ్యాస్ క్యాప్సూల్. పరగడుపున రోజుకొకటి చొప్పున 14 నెలలుగా వాడుతున్నారు. రెండోది సినరిజిన్ 25 మి.గ్రా. కళ్లు తిరుగుతున్నాయని నాలుగు నెలలుగా రోజుకు రెండు వేసుకుంటున్నారు. ఈ రెండూ మొదట ఎవరో కొద్దిరోజులకు రాసిచ్చినవే. ఆ తర్వాత ఖాళీ స్ట్రిప్ చూపించి కొంటూ వచ్చారు.

లెవోసల్పిరైడ్ కడుపు మందుగా అమ్ముడుపోతుంది గానీ అది పనిచేసేది డోపమిన్‌ను అందుకునే రిసెప్టర్‌ను మూసేయడం ద్వారా. పేగుల్లో మూస్తే కడుపు కదలిక పెరుగుతుంది. మెదడులో మూస్తే వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మదితనం వస్తాయి. మెటోక్లోప్రమైడ్ తీరూ ఇదే. తలతిరుగుడుకు వాడే సినరిజిన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లూనరిజిన్ కూడా ఇదే రిసెప్టర్ జోలికి వెళతాయి. వయసు మీరినవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. మన దగ్గర అజీర్తి అన్నవాళ్లకల్లా ఈ క్యాప్సూల్ వెళుతోంది. దాని పేరు చూస్తే ఎవరికైనా యాంటాసిడ్ లాగే అనిపిస్తుంది, మెదడు మీద పనిచేసే మందని తట్టదు. ఇది మాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆపేస్తే తగ్గిపోయే జబ్బును జీవితాంతపు జబ్బుగా ముద్ర వేసి, ఒంట్లో డోపమిన్‌గా మారే లెవోడోపా అనే మందు మొదలుపెట్టి, గ్యాస్ మాత్రను మాత్రం అలాగే కొనసాగించిన కేసులు ఉంటూనే ఉన్నాయి.

కాబట్టి ఈ రోగికి మందుల వల్ల వచ్చిన పార్కిన్సనిజం, అంటే పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు మాత్రమే కావచ్చు. లేదా లోపల ఎప్పటినుంచో నడుస్తున్న పార్కిన్సన్స్‌ను ఆ మందులు ముందుగా బయటపెట్టి ఉండొచ్చు. ఏది నిజమో తేల్చడానికి మొదటి ఆధారం వెనకటి చరిత్ర.

పన్నెండేళ్ల చరిత్ర

రోగిని అడిగితే ‘అంతకుముందు అంతా బాగానే ఉందండీ’ అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. వీటికీ చేతి వణుకుకూ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోరు. విడివిడిగా, ఏ ఏడాదో గుర్తుచేస్తూ అడిగితేగానీ రావు.

మలబద్ధకం 47 ఏళ్ల వయసునుంచి ఉంది. రెండు మూడు రోజులకొకసారి విరేచనం. త్రిఫల చూర్ణం, ఆముదం, ఇసాబ్‌గోల్ వంతులవారీగా వాడారు. కడుపుబ్బరం అక్కడినుంచి వచ్చిందే. దానికోసమే గ్యాస్ క్యాప్సూల్ మొదలైంది.

నిద్ర సంగతి భార్యను అడగాలి. ఆవిడను పక్కకు కూర్చోబెట్టి ‘రాత్రిళ్లు నిద్దట్లో అరవడం, చేతులూ కాళ్లూ విసరడం ఉందామ్మా?’ అని అడిగితే వెంటనే చెప్పారు: ‘ఎవరో పొలంలోకి పశువుల్ని తోలినట్టు అదిలిస్తూ కేకలేస్తారండీ. ఒకసారి గోడను తన్ని కాలివేలు విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచీ నేను వేరే మంచం వేసుకున్నా.’ ఇది మొదలైంది 50వ ఏట. రెమ్ నిద్రలో, అంటే కలలు వచ్చే దశలో, మామూలుగా ఒంట్లో కండరాలన్నీ పట్టు వదిలేసి ఉంటాయి. మెదడు కాండంలోని ఆ తాళం పాడైతే కలలో చేసేది ఒళ్లు నిజంగానే చేస్తుంది. తెల్లవారుజామున ఎక్కువ. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి కల చెప్పగలుగుతారు. మూర్ఛకూ దీనికీ తేడా తెలిసేది ఇక్కడే. కుంగుబాటుకు ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు వాడుతున్నవారిలోనూ ఇలా జరగొచ్చు కాబట్టి ఆ ప్రశ్న కూడా వేయాలి. ఈ రోగికి అలాంటి మందు ఏదీ లేదు.

వాసన గురించి ‘వాసనలు తెలుస్తున్నాయా’ అని అడిగితే అందరూ తెలుస్తున్నాయనే అంటారు. పోపు మాడుతుంటే మీకు ముందు తెలుస్తుందా, ఇంట్లోవాళ్లు చెబితే తెలుస్తుందా అని అడగాలి. కొన్నేళ్ల కిందట ఇంట్లో గ్యాస్ లీకైతే అందరూ బయటికి పరిగెత్తారనీ, ఈయన మాత్రం కదల్లేదనీ భార్య గుర్తుచేశారు. అది కోవిడ్‌కు ముందు మాట. కోవిడ్ తర్వాత పోయిన వాసనను ఈ లెక్కలోకి తీసుకోకూడదు. ఓపీలో పరీక్షించడానికి కాఫీపొడి, స్నానపు సబ్బు, మల్లెపూలు చాలు. కళ్లు మూయించి, ఒక్కో ముక్కురంధ్రానికి విడిగా చూపించాలి. కర్పూరం, అమృతాంజనం పనికిరావు. అవి వాసన నాడినే కాకుండా ముఖానికి స్పర్శనిచ్చే నాడిని కూడా చురుక్కుమనిపిస్తాయి, దాంతో వాసన పోయినవాళ్లు కూడా తెలిసింది అంటారు.

57వ ఏట కుడి భుజం పట్టేసింది. షుగరు ఉంది కాబట్టి ఫ్రోజన్ షోల్డర్ అన్నారు, ఫిజియోథెరపీ చేయించారు, భుజంలో ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత వణుకు అదే చేతిలో మొదలైంది. ఒకవైపు భుజంనొప్పి పార్కిన్సన్స్‌కు తొలి ఫిర్యాదు కావడం అరుదేమీ కాదు. భుజం పట్టేసిన రోగి నడుస్తుంటే ఆ చెయ్యి ఊగుతోందా లేదా చూడటానికి అరనిమిషం చాలు.

కళ్లు తిరగడం ఏడాదిగా ఉంది. మంచం మీదినుంచి లేచినప్పుడే వస్తుంది, పడుకుంటే ఉండదు. అది చెవిలోపం వల్ల వచ్చే తలతిరుగుడు కాదు, లేచినప్పుడు బీపీ పడిపోవడం. అయినా దానికి సినరిజిన్ వెళ్లింది.

ఇక్కడ ఆగి చూడాలి. తొలిదశ పార్కిన్సన్స్ పేగులను మందగింపజేస్తే దానికి లెవోసల్పిరైడ్ ఇచ్చారు. అదే జబ్బు బీపీని పడేస్తే దానికి సినరిజిన్ ఇచ్చారు. అంటే జబ్బు తొలి లక్షణాలే ఆ జబ్బును ముదిరేట్టు చూపించే మందుల దగ్గరికి రోగిని నడిపించాయి. ఇది యాదృచ్ఛికం కాదు, ఇలాంటి రోగుల్లో పదేపదే ఇదే వరుసలో జరుగుతుంది.

పరీక్షలో కనబడింది

చేతులు ఒళ్లో పెట్టించి, నూటినుంచి ఏడు చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటే కుడిచేతి వణుకు స్పష్టంగా పైకి వచ్చింది. ఖాళీగా కూర్చున్నప్పుడు లేని వణుకు ఇలా బయటపడుతుంది. బొటనవేలినీ చూపుడువేలినీ బాగా ఎడంగా తెరిచి, వేగంగా, కనీసం పదిసార్లు తట్టమనాలి. చూడాల్సింది వేగం ఒక్కటే కాదు. కుడిచేతిలో ఆరో తట్టుకే ఎడం సగానికి పడిపోయింది, తొమ్మిదో తట్టుకు వేళ్లు ఆగిపోయాయి. ఇలా తరిగిపోవడమే పార్కిన్సన్స్ నెమ్మదితనం. కీళ్లనొప్పి వల్లా, నీరసం వల్లా వచ్చే నెమ్మదిలో మొదటి తట్టూ చివరి తట్టూ ఒకలాగే ఉంటాయి. ఎడంచేతిలో కూడా కాస్త నెమ్మది ఉంది, కానీ తరుగుదల లేదు.

ఊరి పేరు, తండ్రి పేరు కలిపి ఒకే వాక్యం ఐదుసార్లు రాయించాం. మొదటి వరుస మామూలుగానే ఉంది. ఐదో వరుసకు అక్షరాలు సగానికి చిన్నవై, ఒత్తులు పై అక్షరంలో కలిసిపోయాయి.

బీపీని ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూస్తే 148/86, నాడి 74. నిలబెట్టి మూడో నిమిషంలో 118/74, నాడి 81. పైబీపీ 30 పడింది, నాడి మాత్రం 7 పెరిగింది. నాడి పెరుగుదలను బీపీ తగ్గుదలతో భాగిస్తే 0.23. ఇది 0.5 కంటే తక్కువైతే లోపం నరాలదని అర్థం. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడితే గుండె ఇంకా గట్టిగా పరిగెత్తేది. అయితే పదేళ్ల షుగరు కూడా ఇవే నరాలను దెబ్బతీయగలదు. అందుకే ఈ అంకెను పార్కిన్సన్స్ ఖాతాలో పూర్తిగా వేయలేదు. థైరాయిడ్, బి12 చూశాం. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారికి బి12 తగ్గుతుంది. ఈయనకూ తక్కువే ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

ఏది కారణం, ఏది తొలి లక్షణం

పత్రికల్లో, యూట్యూబ్‌లో వచ్చే ‘పార్కిన్సన్స్ ముప్పు పెంచేవి’ జాబితాల్లో పురుగుమందులు, మలబద్ధకం, షుగరు, కుంగుబాటు, తలదెబ్బ, వాసన పోవడం పక్కపక్కనే ఉంటాయి. చదివినవాళ్లు మలబద్ధకం తగ్గించుకుంటే పార్కిన్సన్స్ రాదనుకుంటారు. అది పొరపాటు. హైకో బ్రాక్ బృందం 2003లో చూపించిన ప్రకారం చాలామందిలో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు ముందుగా కనబడేది వాసనకు సంబంధించిన భాగంలో, పేగులను నడిపే వేగస్ నాడి మూలంలో. అక్కడినుంచి పైకి పాకి, డోపమిన్ తయారుచేసే నల్లని కణాల పొరను చేరేసరికి ఏళ్లు గడుస్తాయి. వణుకు కనబడేనాటికి అక్కడి కణాల్లో చాలాభాగం పోయి ఉంటాయి. కాబట్టి మలబద్ధకం, వాసన పోవడం, నిద్దట్లో తన్నడం జబ్బుకు కారణాలు కావు. చాలామందిలో అవే జబ్బు. కొందరిలో కుంగుబాటు, ఆందోళన కూడా ఇదే కోవలోకి వస్తాయి.

హొనోలులూలో జపాన్ సంతతి పురుషులను దశాబ్దాలపాటు అనుసరించిన అధ్యయనం 2001లో చెప్పిన లెక్క ప్రకారం, రోజుకు ఒక్కసారి కూడా విరేచనం కానివారికి రోజుకొకసారి అయ్యేవారికన్నా 2.7 రెట్లు ముప్పు. అయినా మలబద్ధకం ఉన్నవాళ్లు లోకంలో కోకొల్లలు, వాళ్లలో అత్యధికులకు పార్కిన్సన్స్ ఎప్పటికీ రాదు. నిద్దట్లో తన్నడం సంగతి వేరు. 24 కేంద్రాల్లో 1280 మందిని చూసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్ర పరీక్షతో ఖాయమైన రెమ్ నిద్ర రుగ్మత ఉన్నవాళ్లలో ఏడాదికి 6.3 శాతం మందికి పార్కిన్సన్స్ లేదా దాని బంధుజబ్బులు వచ్చాయి. 12 ఏళ్లకు 73.5 శాతం.

ఈ రోగికి 57వ ఏట, అంటే గ్యాస్ క్యాప్సూల్ మొదలుకాకముందు, పార్కిన్సన్స్ తొలిదశలో ఉండే అవకాశం ఎంతని లెక్క తేలేదో చూద్దాం. కదలికల జబ్బుల నిపుణుల సంఘమైన మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ 2015లో తయారుచేసి 2019లో సవరించిన పద్ధతి ఇది. పరిశోధనకోసం ఉద్దేశించింది గానీ ఏ అంశం బరువు ఎంతో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. 55 నుంచి 59 ఏళ్లవారికి మొదలు అంకె 0.75 శాతం. దానికి ఒక్కో అంశం గుణకం వేసుకుంటూ పోవాలి. పురుషుడు కావడం 1.2. పురుగుమందులతో నిత్యం పని 1.5. ఎప్పుడూ పొగతాగకపోవడం 1.2. టైప్ 2 షుగరు 1.5. టీ రోజూ తాగుతారు కాబట్టి 0.88. ఒళ్లు వంచి పనిచేస్తారు కాబట్టి 0.91. ఇవన్నీ కలిపితే ముప్పు 0.75 నుంచి దాదాపు 1.9 శాతానికి చేరింది. అంటే ముప్పై ఏళ్ల జీవనశైలి, పొలంపని, షుగరు అన్నీ కలిసి వందలో ఇద్దరి వరకే తెచ్చాయి.

ఇప్పుడు మలబద్ధకం, 2.5. ముప్పు 4.7 శాతం. భార్య చెప్పిన నిద్ర సంగతిని ప్రశ్నలతో మాత్రమే తెలుసుకున్నామనుకుంటే 2.8. ముప్పు 12 శాతం. వాసన పరీక్ష కూడా చేసి పోయిందని తేలితే 6.4. ముప్పు 47 శాతానికి దగ్గర. వాసన పక్కన పెట్టి, రాత్రంతా నిద్రలో పరీక్ష చేసి రెమ్ నిద్ర రుగ్మత ఖాయం చేసి ఉంటే ప్రశ్నల గుణకం 2.8 బదులు 130 వేయాలి. ముప్పు 86 శాతం. గుణించేది శాతాన్ని కాదు, జరిగే జరగని పాళ్లను. అందుకే అంకె నూరు దాటదు.

ఈ లెక్క మాకు చెప్పేది ఒకటే. ఎవరికి రాబోతోందో తెలుసుకోవాలంటే రాత్రి నిద్ర గురించి ఇంట్లోవాళ్లను అడగాలి. ఎవరికీ రాకుండా చూడాలంటే పొలం, షుగరు, వ్యాయామం చూసుకోవాలి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు ఒకే జాబితాలో దొరకవు.

గడ్డి మందు

కారణాల వైపు బలమైన సాక్ష్యం పురుగుమందులదే. 1982లో ఉత్తర కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగతనంగా తయారైన మత్తుమందు ఎక్కించుకుని, కొద్దిరోజుల్లోనే ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు ఆ మందులోని కల్తీ పదార్థం ఎం.పి.టి.పి. అని 1983లో తేల్చారు. ఒంట్లో అది మారి ఏర్పడే విషం డోపమిన్ కణంలోకి దూరి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఆపేస్తుంది. దాని రసాయన నిర్మాణం పారాక్వాట్ అనే గడ్డి మందును పోలి ఉండటం అందరి దృష్టినీ కలుపు మందుల వైపు తిప్పింది. పారాక్వాట్ గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవారికి ముప్పు సుమారు 2.5 రెట్లని అమెరికాలో మందు చల్లేవాళ్లమీద చేసిన అధ్యయనం 2011లో చెప్పింది. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఇంటికి 500 మీటర్లలోపు పారాక్వాట్, మానెబ్ అనే తెగుళ్ల మందు రెండూ చల్లిన చోట్ల ముప్పు 75 శాతం ఎక్కువ. ఫ్రాన్స్ 2012లోనే పురుగుమందులతో పనిచేసిన రైతుకు పార్కిన్సన్స్ వస్తే దాన్ని వృత్తి జబ్బుగా గుర్తించింది. యూరోపియన్ యూనియన్‌లో పారాక్వాట్ 2007 నుంచి లేదు. మన పొలాల్లో సాళ్ల మధ్య గడ్డి మందుగా చాలా ఏళ్లు నడిచింది, ఈ రోగి పొలంలో కూడా.

పొలంతో సంబంధం లేనివాళ్లకూ ఇలాంటిది ఒకటుంది. లోహపు భాగాలకు గ్రీజు వదిలించడానికి, డ్రైక్లీనింగ్‌కు వాడిన ట్రైక్లోరోఎథిలీన్. అది కలిసిన నీళ్లు తాగిన అమెరికా సైనిక శిబిరం క్యాంప్ లజూన్‌లో పనిచేసినవారికి ముప్పు 70 శాతం ఎక్కువని 2023లో తేలింది. తలదెబ్బ సంగతి కూడా అమెరికా మాజీ సైనికుల లెక్కల్లోనే బాగా తెలిసింది. స్వల్ప తలదెబ్బ తగిలినవారికి కూడా 56 శాతం ఎక్కువ. ఈ రోగికి రెండూ లేవు.

షుగరు పాత్ర చిన్నదే గానీ నిజమైనది. ఇంగ్లండ్ ఆస్పత్రి రికార్డుల ఆధారంగా 2018లో వచ్చిన లెక్కలో షుగరు ఉన్నవారికి ముప్పు 32 శాతం ఎక్కువ. 25 నుంచి 44 ఏళ్ల మధ్యవారిలో చూస్తే నాలుగు రెట్లకు దగ్గర. షుగరుకు వాడే లిక్సిసెనటైడ్ ఇంజెక్షన్ జబ్బును కాస్త నెమ్మదింపజేసిందని 2024లో ఒక ప్రయోగం చెప్పింది. అదే జాతికి చెందిన ఎక్సెనటైడ్ 2025లో పెద్ద ప్రయోగంలో పనిచేయలేదు. కాబట్టి పార్కిన్సన్స్ కోసమని ఆ ఇంజెక్షన్లు కొనుక్కోవద్దు. షుగరుకు అవసరమైతే అది వేరే మాట.

పొగతాగేవారిలో, కాఫీ తాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువ కనబడటం నిజమే. రోగి తమ్ముడు ‘చుట్ట కాల్చేవాళ్లకు రాదంటగా సార్’ అని అడిగింది కూడా ఇదే. నికోటిన్ పట్టీలు ఇచ్చి చూసిన ప్రయోగంలో జబ్బు నెమ్మదించలేదు. కెఫీన్ మాత్రలతోనూ మేలు కనబడలేదు. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు పొగాకును తేలిగ్గా వదిలేయగలగడం వల్లే ఆ తేడా కనబడుతోందని అనుకోవడానికీ ఆధారాలున్నాయి. చుట్ట వల్ల వచ్చే క్యాన్సరు, గుండెపోటు ముప్పు మాత్రం ఖాయం. టీ, కాఫీ అలవాటుంటే మానక్కర్లేదు.

ఏం చేశాం

లెవోసల్పిరైడ్, సినరిజిన్ రెండూ అదేరోజు ఆపేశాం. లెవోడోపా మొదలుపెట్టలేదు. రెండూ ఒకేసారి చేస్తే మెరుగుదల దేనివల్లో ఎప్పటికీ తెలియదు. రోగి కింద పడుతుంటే, మింగలేకపోతుంటే అంతసేపు ఆగకూడదు. ఈయన అలా లేరు. మందులు ఆపాక చాలామంది ఆరు నెలల్లోపు కోలుకుంటారు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

మూడో నెలకు ఎడంచేతి నెమ్మదితనం పోయింది, ముఖంలో కదలిక వచ్చింది. కుడిచేతిలో మాత్రం వణుకు, తరుగుదల అలాగే ఉన్నాయి. ఒకవైపే ఉండటం పార్కిన్సన్స్‌ను సూచిస్తుంది గానీ మందుల వల్ల వచ్చేది కూడా కొందరిలో ఒకవైపు ఎక్కువగా ఉంటుంది. అందుకే ట్రోడాట్ స్కాన్ చేయించాం. మన దేశంలో పెద్ద న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో దొరుకుతుంది. ఇది డోపమిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే వాహకాలను చూపిస్తుంది. ఆ కణాలు బతికే ఉండి, రిసెప్టర్ మాత్రమే మందుతో మూసుకుపోయి ఉంటే స్కాన్ మామూలుగా వస్తుంది. ఈ రోగికి మెదడు ఎడమవైపు, కదలికలకు సంబంధించిన పుటామెన్ అనే భాగం వెనకవైపు ఆ వాహకాలు బాగా తగ్గాయి, కుడివైపు కొద్దిగా. పార్కిన్సన్స్ ఖాయమైంది, మందులు దాన్ని ముందుగా బయటికి లాగాయని కూడా.

లెవోడోపా 100, కార్బిడోపా 25 కలిసిన మాత్రను సగం చొప్పున మూడుపూటలా మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుతూ ఒక్కో మాత్రకు తెచ్చాం. అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ లెవోడోపాతో పోటీపడి పేగుదగ్గరే దాన్ని ఆపుతుంది. మొదటి రెండు వారాలు వికారంగా ఉంటే రెండు బిస్కెట్లతో వేసుకోవచ్చు. ఆరో వారానికి గుండీలు తనే పెట్టుకున్నారు.

రోగి ఇంట్లో దూలగొండి విత్తనాల పొడి కూడా ఉంది, ఎవరో వణుకుడుకు మంచిదని ఇచ్చారు. అది వట్టి నమ్మకమేమీ కాదు. ఆ గింజల్లో లెవోడోపా ఉందని మద్రాసులో పరిశోధకులు 1937లోనే వేరుచేసి చూపించారు. కానీ ఒక్కో పొడిలో ఒక్కోపాళ్లలో ఉంటుంది. మాత్రలతోపాటు స్పూన్ పొడి కలిపితే ఒళ్లు మెలికలు తిరగడం, బీపీ పడటం జరుగుతుంది. రెండింటిలో ఒకటే ఉండాలని చెప్పాం.

లేచినప్పుడు బీపీ పడకుండా మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించాం. మంచం దిగేముందు రెండు గ్లాసుల నీళ్లు గబగబా తాగి, పది నిమిషాలాగి లేవాలి. ఆమ్లోడిపిన్ తగ్గించి రాత్రికి మార్చాం. మలబద్ధకానికి పాలిథిలీన్ గ్లైకాల్ పొడి, రోజుకు రెండు లీటర్ల నీళ్లు. ఇసాబ్‌గోల్ నీళ్లు లేకుండా వేస్తే పేగులో గట్టిపడి ఇంకా బిగుసుకుంటుంది. నిద్రకు పడుకునేముందు మెలటోనిన్ 3 మి.గ్రా. మంచం గోడకు దూరంగా జరిపి, నేలమీద పరుపు వేసి, దగ్గర్లోని కొడవలి, టార్చి, గాజుగ్లాసు తీసేయించాం. మెలటోనిన్ చాలకపోతే ఇచ్చే క్లొనజెపామ్ అవసరం పడలేదు. పడితే 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నవారికి ఇవ్వకూడదు.

వ్యాయామం గురించి మెత్తగా చెబితే లాభం లేదు. తొలిదశ రోగులతో ట్రెడ్‌మిల్ మీద గుండె గరిష్ఠ వేగంలో 80 నుంచి 85 శాతం దాకా, వారానికి 4 రోజులు, 30 నిమిషాలు అని నిర్ణయించి చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. అందులో ఆరు నెలలకు ఆ గుంపువారి లక్షణాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి, వ్యాయామం లేనివారివి పెరిగాయి. ‘పొలంలో నడుస్తూనే ఉంటా కదా’ అని ఈయన అన్నారు. ఆ నడకలో ఊపిరి ఎగరదు. గుండె పరీక్ష చేయించాక చెరువుకట్ట మీద వేగంగా, మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో ఊపిరి అందనంతగా నడవమన్నాం. భార్యో కొడుకో పక్కన ఉండాలి.

కొడుకు పొలంలో

32 ఏళ్ల కొడుకు అదే స్ప్రేయర్ వీపున వేసుకుంటున్నాడు. అతనికి జన్యుపరీక్ష అవసరం లేదు. 59 ఏళ్లకు ఒక్కరికే వచ్చిన జబ్బు వంశపారంపర్యమయ్యే అవకాశం తక్కువ. అతనికి కావలసింది మందు ఒంటికి తగలకుండా చూసుకోవడం. 40 డిగ్రీల ఎండలో ఒళ్లంతా కప్పుకోమంటే ఎవరూ వినరు, అది న్యాయమే. కాబట్టి ఎక్కడ ఎక్కువ ముప్పుందో అక్కడ గట్టిగా ఉండాలి. పారాక్వాట్ సీసాలో 24 శాతం ఉంటుంది. 16 లీటర్ల ట్యాంకులో 100 మి.లీ. పోశారనుకుంటే అది 0.15 శాతానికి పలచబడుతుంది. అంటే కలిపేటప్పుడు చేతిమీద పడే ఒక్క చుక్క, చల్లేటప్పుడు పడే 160 చుక్కలతో సమానం. కలిపే ఆ ఐదు నిమిషాలు మోచేతిదాకా నైట్రైల్ తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నూలు తొడుగులు మందు పీల్చుకుని చర్మానికి పట్టించి ఉంచుతాయి, అసలు లేకపోవడమే మేలు. తొడుగులు వాడేవారిలో పారాక్వాట్‌కూ పార్కిన్సన్స్‌కూ ఉన్న సంబంధం కనబడలేదని 2011 అధ్యయనపు రైతుల్లోనే తర్వాత తేలింది.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం మన ఊళ్లలో మామూలు. పాత టూత్‌బ్రష్ ట్యాంకుకు కట్టుకుంటే ఆ పని తప్పుతుంది. ట్యాంకు మూతకింద వాషర్ పాడైతే మందు కారి వీపంతా తడుస్తుంది, సీజను మొదట్లోనే మార్చాలి. మిర్చి నడుమెత్తు పెరిగాక చల్లిన సాలులోంచి ముందుకు నడిస్తే తొడలు తడుస్తాయి, గాలికి అడ్డంగా, ఇంకా మందు పడని సాలులో నడవాలి. మధ్యలో బీడీ, గుట్కా వద్దు. ఇంటికి వచ్చిన వెంటనే సబ్బుతో స్నానం చేయాలి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు, కొద్దిగా మింగినా ప్రాణం పోతుంది. వీలుంటే దాన్ని పూర్తిగా మానేసి సాళ్లమధ్య గుంటక తోలుకోవడమే మంచిది.

జేబులో కార్డు

రోగి చొక్కా జేబులో తెలుగులో రాసిన కార్డు ఒకటి పెట్టించాం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ మందుల షాపుకు వెళ్లినా ముందు అది చూపించాలి. పార్కిన్సన్స్ ఉంది, లెవోడోపా వేళకు ఇవ్వాలి, ఆపరేషను రోజున కూడా హఠాత్తుగా ఆపకూడదు. లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్, ఫ్లూనరిజిన్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదు. వాంతులకు ఒండాన్‌సెట్రాన్, లేదా ఇ.సి.జి. చూసి డోంపెరిడోన్. జ్వరంలో మతితప్పితే ముందు ఇన్ఫెక్షన్ వెతకాలి, తప్పనిసరైతే క్వెటియాపిన్ కొద్దిమోతాదులో. రెండు నెలల తర్వాత విరేచనాలతో ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. కార్డు చూసి పక్కన పెట్టి, ఒండాన్‌సెట్రాన్ ఇచ్చారు.